యాడ కోసినారు?

కుట్టు చూస్తే చాలు, అది ఏ ఆసుపత్రిలో వేసిందో లేవి చెప్పేసేవాడు. ఆళ్లగడ్డ డాక్టరు దారం కొసలు పొడుగ్గా వదిలేస్తాడు, పిల్లి మీసాల్లాగా. నంద్యాల ఆయన ముడి మీద ముడి నాలుగు వేస్తాడు, వాటి కింద కత్తెర మొన దూరదు. కల్లూరులో కొత్తగా లేచిన అద్దాల ఆసుపత్రిలోనైతే నీలం దారం, చర్మానికి అంటుకునేంత పొట్టిగా కొసలు కత్తిరించి ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. చీము పట్టి ఒళ్లు ఉబ్బాక మాత్రం ఆ కొస పట్టుకుందామన్నా దొరకదు. ఇరవై నాలుగేళ్లుగా చెడిన గాయాలు విప్పి, కడిగి, కట్టు కట్టే మనిషికి ఈ కుట్లన్నీ ఒక్కొక్కరి చేతిరాత లాంటివి. కాకపోతే ఈ చదువుకు సర్టిఫికెట్టు ఇచ్చే కాలేజీ ఎక్కడా లేదు. అందుకే ఇరవై నాలుగేళ్ల తర్వాత కూడా కాగితాల మీద అతను తాత్కాలిక ఉద్యోగే.

లేవిది జమ్మలమడుగు పక్క పల్లె. ఎనిమిదో తరగతి సగంలో ఉండగా తండ్రి లారీ కింద పడ్డాడు, పుస్తకాల సంచి అటకెక్కింది. కొన్నేళ్లు బండల గనుల్లో రాళ్లు మోసి, కర్నూలు వచ్చి ధర్మాసుపత్రిలో నేల తుడిచే పనికి చేరాడు. అప్పట్లో కట్లు కట్టే ముసలి డ్రెస్సరుకు చేతులు వణకడం మొదలైనప్పుడు ఇతని చేతికి పటకారు ఇచ్చాడు. అంతే, ఏడో వార్డులో పాతుకుపోయాడు. దాన్ని చీము వార్డు అంటారు జనం. ఆ వాసనకు చదువుకున్నవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతారు గనుక లోపల లేవి మాటే చెల్లుతుంది.

ధర్మాసుపత్రి అన్నది ఊరు పెట్టుకున్న పేరు. ఒక సంఘం వాళ్లు నడుపుతారు. రెండు వందల మంచాలు, నలుగురు సర్జన్లు, గేటు దగ్గర ఎవరినీ వెనక్కి పంపకూడదన్న పాత నియమం ఒకటి. ఆ నియమం పుణ్యమా అని ఎక్కడా మంచం దొరకని వాళ్లంతా చివరికి ఇక్కడ తేలతారు. చక్కెర నాలుగు వందలున్న రైతులు, ఎద్దు పొడిచాక మూడు రోజులు పసరు కట్టుకొని వచ్చినవాళ్లు, ఇంకోచోట కోయించుకొని కుట్టు పగిలినవాళ్లు. అద్దాల ఆసుపత్రికి ఆ తలనొప్పి లేదు. అక్కడ ఇరవై మంచాలే. చక్కెర లేనివాళ్లను, రక్తం బాగా ఉన్నవాళ్లను, వయసులో ఉన్నవాళ్లను ఏరుకొని కోస్తారు. అందులోనూ ఎవరికైనా ఐదో రోజుకు గాయం ఎర్రబడితే ఒక చీటీ రాసి ఆటో ఎక్కిస్తారు. ఆటో నేరుగా ధర్మాసుపత్రికి వస్తుంది. గేటు పక్కన వాళ్లు తగిలించుకున్న బోర్డు మీద మాత్రం రాసి ఉంటుంది: "ఆపరేషన్ గాయాల ఇన్ఫెక్షన్ సున్నా."

ఆ సోమవారం సూపరింటెండెంటు రంగనాథ్ లేవిని గదికి పిలిపించాడు. సర్కారు ఉద్యోగంలో రిటైరై ఇక్కడ చేరిన మనిషి ఆయన, మంచివాడే, కానీ ఉత్తరం వస్తే చాలు చెమట పడుతుంది. అప్పుడూ ఉత్తరమే వచ్చింది. ఆరోగ్య పథకం వాళ్లు ఆసుపత్రులకు గ్రేడు ఇస్తారు. ఆపరేషన్ గాయాల్లో నూటికి ఐదుకు మించి చీము పడితే గ్రేడు దిగుతుంది, ఇచ్చే డబ్బులో కోత పడుతుంది. పోయినసారి ఒకసారి దిగింది. రెండోసారి దిగితే పథకం కింద ఆపరేషన్లే ఆపేస్తారు. గత మూడు నెలల్లో ధర్మాసుపత్రిలో రెండు వందల అరవై ఆపరేషన్లు జరిగాయి, చీము పట్టి తెరిచిన గాయాలు పంతొమ్మిది. నూటికి ఏడు దాటింది. శుక్రవారం విజయవాడ నుంచి ఆఫీసరమ్మ తనిఖీకి వస్తోంది.

అందుకని రంగనాథ్ ముందే ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ఒకటో తేదీ నుంచి బయట కోయించుకున్న వాళ్లను గేటు దగ్గరే ఆపడం, ఏడో వార్డుకు తాళం వేయడం. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన లేవి ముఖం చూడలేదు, గోడ మీద సంఘం పెద్దల ఫొటోలు చూశాడు.

"వాళ్లంతా మనం కోసినోళ్లు కాదు కద సార్," అన్నాడు లేవి.

"కంప్యూటర్ ఆ సంగతి అడగదప్పా. గాయం యాడ తెరిచినారని అడుగుతుంది, తెరిచింది మనం. యాడ కోసినారని అడిగే గడే లేదు దాంట్లో."

తన దగ్గర ఒక నోటు పుస్తకం ఉందని లేవి చెప్పాడు. వార్డుకు వచ్చిన ప్రతి గాయం గురించీ అందులో రాసుకున్నాడు, కుట్టు ఎవరిదో కూడా గుర్తుంది. వాళ్లు తెచ్చుకున్న చీటీలన్నీ దబ్బనంతో గుచ్చి పెట్టి ఉన్నాయి. శుక్రవారం దాకా టైమిస్తే ఎవరిని ఎవరు కోశారో తేల్చి చూపిస్తానన్నాడు. రంగనాథ్‌కు పెద్దగా నమ్మకం కలగలేదు. డ్రెస్సరు రాసుకున్న పుస్తకాన్ని విజయవాడ వాళ్లు ఖాతరు చేస్తారా? అయినా మునిగేవాడు చేయి ఊపినట్టు సరేనన్నట్టు చేయి ఊపాడు.

మంగళవారం మధ్యాహ్నం కట్లు కట్టడం అయిపోయాక లేవి వరండాలో బెంచీ మీద కూర్చుని పుస్తకం ముందేసుకున్నాడు. స్కేలు పెట్టి రెండు కొత్త గడులు గీశాడు. మొదటి గడి పైన "యాడ కోసినారు" అని రాశాడు. మంచి తెలుగులో ఏమనాలో అతనికి తెలుసు, కానీ ఇరవై నాలుగేళ్లుగా ప్రతి రోగినీ అడిగిన మాట అదే. రెండో గడి పైన "ఏ వారం" అని రాశాడు. ఏ రోజున కోశారో కూడా ఉంటే లెక్క ముద్దుగా ఉంటుందని, పుస్తకం చూసినవాళ్లు ఇతనెవరో చదువుకున్నవాడే అనుకుంటారని ఆశ. గోడ మీద విత్తనాల అంగడి వాళ్ల క్యాలెండరు దించుకొని తేదీకి వారం వెతికి రాసుకుంటూ పోయాడు.

అద్దాల ఆసుపత్రి, అద్దాల ఆసుపత్రి, నంద్యాల, అద్దాల ఆసుపత్రి, ఆళ్లగడ్డ, మైదుకూరు. పంతొమ్మిదిలో పద్నాలుగు బయటివే తేలాయి. మనవి ఐదు. రెండు వందల అరవైకి ఐదంటే నూటికి రెండు కూడా కాదు. లేవికి ఆ క్షణంలో కలిగిన సంతోషం మంచిది కాదు. అది కసి తీరిన సంతోషం. సున్నా బోర్డు పెట్టుకున్న వాళ్ల ముఖాన ఈ పుస్తకం విసిరికొట్టినట్టు, కాలేజీ ముఖం చూడనివాడు కాలేజీ వాళ్లందరి లెక్కా తప్పని చూపించినట్టు మనసులో బొమ్మ కట్టుకున్నాడు. టీ తాగి వచ్చి మళ్లీ ఒకసారి చూసుకున్నాడు. అప్పుడు కనిపించింది.

బయటి పద్నాలుగింటికీ వారాలు చెల్లాచెదురుగా ఉన్నాయి. మనవి ఐదూ శుక్రవారమే.

ముందు అతనికి తట్టింది భూపేష్ డాక్టరు. శుక్రవారం ఆపరేషన్లు ఆయనవి. మూడు నెలల కిందటే శుక్రవారం కొత్తగా మొదలుపెట్టారు, అంతకు ముందు ఆ రోజు థియేటర్ ఖాళీగా ఉండేది. కుర్ర డాక్టరు, వార్డుకు వస్తే ముక్కుకు రెండు మాస్కులు కట్టుకుంటాడు, లేవిని "డ్రెస్సర్" అని పిలుస్తాడు తప్ప పేరు అడిగిన పాపాన పోలేదు. ఆయనదే తప్పయితే ఎంత బాగుంటుందో! లేవి లేచి థియేటర్ పుస్తకం చూడ్డానికి పోయాడు. భూపేష్ సోమవారం కూడా కోస్తాడు. అదే చేయి, అదే ముడి, అదే గది, అదే నర్సమ్మ. సోమవారం గాయాల్లో ఒక్కటి కూడా ఏడో వార్డుకు రాలేదు.

ఇక మిగిలింది ఆవిరి గది.

ఆపరేషన్‌కు వాడే గాజుగుడ్డలు, గౌన్లు, దుప్పట్లు రేకు డ్రమ్ముల్లో సర్ది, పెద్ద కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో పెట్టి ఆవిరి పడతారు. డ్రమ్ము మీద ఒక టేపు ముక్క అతికిస్తారు. ఆవిరి తగిలితే టేపు మీద గీతలు నల్లబడతాయి. గీతలు నల్లబడితే లోపల పురుగు చచ్చినట్టు. ఆ పని ఉరుకుందుది. ఆదోని పక్క మనిషి, మాటల్లో సగం కన్నడం పడుతుంది, పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. బుధవారం పొద్దున లేవి పోయి, నీళ్లు మారాయా, మిషన్ వేడి తగ్గిందా అని అడిగితే అతను రోజూ మిషన్ వేడి రాసుకునే పట్టీ తీసి చూపించాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"శుక్రవారానికి వాడేటివి ఎప్పటి డ్రమ్ములు?" అన్నాడు లేవి.

"ముందురోజువే. గురువారంవి." ఉరుకుందు తల ఎత్తాడు. "గురువారం నేను యాడ ఉంటానప్పా ఈడ? మంత్రాలయంలో కదా ఉంటా. ఆ పొద్దు డ్రమ్ములు నింపేది నువ్వు."

ఆ ఇద్దరి మధ్య ఆరేళ్లుగా నడుస్తున్న ఒప్పందం అది. ఉరుకుందు కూతురికి మూర్ఛలు వచ్చేవి. రాయరికి మొక్కుకున్నాక తగ్గాయని అతని నమ్మకం, మందులు కూడా వాడారని డాక్టర్ల వాదన. ఏదైతేనేం, ప్రతి గురువారం తెల్లారి బస్సుకు పోయి తుంగభద్రలో మునిగి, మఠంలో దర్శనం చేసుకొని సాయంత్రానికి తిరిగొస్తాడు. హాజరు పుస్తకంలో సంతకం బుధవారమే పెట్టేస్తాడు. పేరేమో ఉరుకుంద ఈరన్న దేవుడిది, మొక్కేమో రాఘవేంద్రునిది, ఇద్దరిలో ఎవరికి కోపమొచ్చినా నీకు దిక్కులేదని లేవి ఎగతాళి చేసేవాడు. చేస్తూనే గురువారం ఆవిరి గది పని తను చూసేవాడు. లేవిది ఏసును కొలిచే ఇల్లు. అయినా స్నేహితుడి మొక్కు తప్పకుండా చూడటం తన బాధ్యత అనుకున్నాడు.

"డ్రమ్ము ఎట్ల నింపుతావు నువ్వు?" అని అడిగాడు ఉరుకుందు.

లేవి నింపి చూపించాడు. అతని చేతులకు తెలిసింది ఒకటే పద్ధతి. ఏడో వార్డులో ఏనాడూ గాజుగుడ్డ సరిపడా దొరికింది లేదు. దొరికినప్పుడే దొరికినంతా డ్రమ్ములో వేసి, పిడికిలితో కుక్కి, మోకాలు ఆనించి మూత బిగించడం ముసలి డ్రెస్సరు నేర్పిన విద్య. రెండు డ్రమ్ముల గుడ్డ ఒక డ్రమ్ములో పట్టించడం గొప్ప. ఒక్కసారి ఆవిరితో పని అయిపోతుంది, నీళ్లూ కలిసొస్తాయి. చీము పట్టిన గాయాలకు ఆ డ్రమ్ములు ఏళ్ల తరబడి వాడినా ఎవరూ తేడా కనిపెట్టలేదు. మూడు నెలల కిందట శుక్రవారం థియేటర్ మొదలయ్యాక ఆ గురువారం డ్రమ్ములే మంచి కడుపుల మీదికి పోయాయి.

ఉరుకుందు టేపు రెండు ముక్కలు చింపాడు. ఒకటి గుడ్డల నడుమ లోతుగా దోపాడు, రెండోది బయట అతికించాడు. డ్రమ్ము మిషన్‌లో పెట్టి, ఇద్దరూ చెరో బకెట్టు బోర్లించుకొని కూర్చున్నారు. ఆ గదిలో మార్చి నెల ఎండ, ఆవిరి కలిసి ఊపిరి ఆడనివ్వడం లేదు. అరగంట తర్వాత ఆవిరి పోనిచ్చి డ్రమ్ము దించారు. బయటి టేపు మీద గీతలు కాటుక పెట్టినట్టు నల్లగా ఉన్నాయి. లేవి గుడ్డలు ఒక్కొక్కటే లాగి, నడుమన చేయి పెట్టి రెండో ముక్క తీశాడు. అది అంగడిలో కొన్నప్పుడు ఎట్లా ఉందో అట్లాగే తెల్లగా ఉంది.

లేవి రెండు ముక్కలూ చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నేను ఎవురికీ చెప్పను," అన్నాడు ఉరుకుందు. "నువ్వూ చెప్పొద్దు లేవన్నా. రేపు నేను మంత్రాలయం పోను. ఇంక డ్రమ్ముల్ని నువ్వు ముట్టుకోవద్దు. తప్పు ఆగిపాయ. చెప్తే ఏమొస్తాది? నీ ఉద్యోగం పోతాది, నా దొంగ సంతకాలు బయట పడతాయి. దుడ్లు లేని నా కొడుకులం, రాయరే గతి అనాల్సిందే."

అతను చెప్పిందాంట్లో తప్పేమీ లేదని లేవికి కూడా అనిపించింది. షెల్ఫులో మిగిలిన పోయిన గురువారం డ్రమ్ములన్నీ ఇద్దరూ కలిసి దించి, విప్పి, వదులుగా సర్ది మళ్లీ ఆవిరి పట్టారు. పని అయ్యేసరికి మూడు గంటలైంది. తర్వాత లేవి బజారుకు పోయి కొత్త నోటు పుస్తకం కొన్నాడు.

సాయంత్రం ఇంటి ముందు కుర్చీ వేసుకొని, వెలుతురు ఉండగానే నకలు మొదలుపెట్టాడు. రోగి పేరు, ఊరు, యాడ కోసినారు. "ఏ వారం" గడి గీయలేదు. ఆ గడి పెట్టమని ఎవరడిగారు? తన గొప్ప కోసం తనే పెట్టుకున్నాడు. అది లేకున్నా పద్నాలుగు పద్నాలుగే, వార్డు నిలబడటానికి అది చాలు. బయటివి పద్నాలుగూ చకచకా రాసేశాడు. అక్షరాలు కూడా ముందుకంటే గుండ్రంగా వచ్చాయి. మనవి ఐదింటి దగ్గరికి వచ్చి మొదటి పేరు రాయబోయాడు. మాబీ.

మాబీ ఇంకా వార్డులోనే ఉంది, కిటికీ పక్క మంచం. ఉల్లిగడ్డల మార్కెట్లో గడ్డలు ఏరే మనిషి, నలభై దాటలేదు, గర్భసంచి తీయించుకుంది. పదో రోజుకు కుట్టు పగిలి మళ్లీ వచ్చినప్పుడు కట్టు విప్పింది లేవే. విప్పుతూ ఆమెను తిట్టాడు. సంచులు మోసింటావు, లేదంటే నోరు కట్టుకోలేక వంకాయ తినింటావు, మీరు చేసే పనులకు మేం చావాలి అన్నాడు. ఆమె లేదంది. అతను నమ్మలేదు. ఆ మాటలు ఆమె భర్త పీర్ బాషా చెవిన పడ్డాయి, అక్కడి నుంచి అత్త చెవిన పడ్డాయి. ముప్పై రెండు రోజులుగా ఆ ఇంట్లో మాబీ అంటే వంకాయ కోసం కడుపు కుళ్లబెట్టుకున్న ఆడది. మిగతా నలుగురినీ కూడా లేవి ఇట్లాగే ఏదో ఒకటి అన్నాడు. ఎవరిని ఏమన్నాడో కూడా గుర్తుంది.

పేరు రాశాడు. నకలు పూర్తి చేశాడు. రెండు పుస్తకాలూ సంచిలో పెట్టుకొని పడుకున్నాడు.

గురువారం పొద్దున మాబీ కట్టు విప్పుతుంటే ఆమె అడక్కుండానే మొదలుపెట్టింది. "అన్నా, నిన్న గూడా చారు అన్నమే తిన్యా. ఇంటోళ్లు తెచ్చిన గుడ్డు గూడా తిన్లా. నువ్వు చూడు, తగ్గినట్ల ఉండాదా?"

గాయం అడుగు నుంచి ఎర్రగా, శుభ్రంగా పూడుకొస్తోంది. తగ్గిందని చెప్పాడు. గుడ్డు తినమని, పప్పు తినమని, తింటేనే కండ పడుతుందని చెప్పాడు. ఆమె నవ్వింది, నమ్మినట్టు లేదు. నెల కిందట ఇదే నోటితో తిండి మానిపించినవాడు ఇప్పుడు తినమంటే ఎవరైనా ఎందుకు నమ్ముతారు? లేవి కట్టు కట్టి చేతులు కడుక్కున్నాడు. కడుక్కున్న చేతుల్నే మళ్లీ కడుక్కున్నాడు. ఆవిరి గది వైపు చూస్తే ఉరుకుందు కనిపించాడు, ఆరేళ్లలో మొదటిసారి గురువారం నాడు డ్రమ్ములు నింపుతూ. నుదుట గంధం లేదు.

శుక్రవారం ఆఫీసరమ్మ వచ్చింది. శ్రావణి ఆమె పేరు, ముప్పై ఐదేళ్లుంటాయి, డాక్టరు చదువే చదివి ఫైళ్ల పనిలోకి పోయిన మనిషి. థియేటర్ చూసింది, ఆవిరి గది చూసింది, అన్నీ చూసి రంగనాథ్ గదిలో లాప్‌టాప్ తెరిచింది. రంగనాథ్ పద్నాలుగు బయటివని చెప్పుకోబోతే వినింది గానీ, ఆ మాట ప్రతి ఆసుపత్రి వాళ్లూ చెప్తారని, రుజువు కావాలని అంది. అప్పుడు లేవిని పిలిపించారు.

లేవి సంచితో లోపలికి వచ్చాడు. చీటీల గుత్తి ముందు పెట్టాడు. ఆమె ఒక్కొక్కటి తిప్పి చూసింది. సగానికి పైగా చీటీల మీద కల్లూరు అద్దాల ఆసుపత్రి ముద్రే ఉండటం చూసి ఆగి, ఆ ఆసుపత్రి తన దగ్గర సున్నా చూపించిందని, ఈ నెలలో తాను తిరిగిన పదకొండింటిలో తొమ్మిది సున్నాలేనని అంది. ఆ గొంతులో నమ్మకమూ లేదు, అనుమానమూ లేదు, ఒట్టి అలసట.

"ఆ సున్నాలన్నీ నా వార్డులో పండుకొని ఉండాయి మేడం," అన్నాడు లేవి. "వచ్చి చూడండి. పేరు పెట్టి పిలిస్తే పలుకుతారు."

ఆమె మొదటిసారి అతని ముఖం చూసింది. రంగనాథ్ దగ్గాడు. పుస్తకం ఇవ్వమని ఆమె చేయి చాచింది.

సంచిలో రెండు పుస్తకాలున్నాయి. కొత్తదాని అట్ట నున్నగా వేలికి తగిలింది. దాన్ని తీసి ఇస్తే వార్డు నిలబడుతుంది, ఉద్యోగం నిలబడుతుంది, ఉరుకుందు వచ్చే గురువారం బస్సెక్కుతాడు. లేవి ఆ పుస్తకాన్ని సగం బయటికి లాగాడు కూడా. అప్పుడు అతనికి కోపం వచ్చింది. సున్నా బోర్డు వాళ్ల మీద ఇరవై నాలుగేళ్లుగా దాచుకున్న కోపమే అది, కానీ ఇప్పుడు తిరిగి తన మీదికే వచ్చింది. వాళ్లు చీటీ రాసి ఆటో ఎక్కిస్తారు. తను గడి తీసేసి నకలు రాశాడు. ఎంత తేడా?

పాత పుస్తకం తీసి ఇచ్చాడు.

ఆమె నిదానంగా చదివింది. "ఈ వారాల గడి ఎందుకు రాశారు?" అని అడిగింది.

"ముందు ఊరికే రాసినా మేడం. ఇప్పుడైతే దాని కోసమే చూడాల. బయటివి పద్నాలుగు, మావి ఐదు. మావి ఐదూ శుక్రవారమే పడినాయి. డాక్టరుది తప్పు లేదు, మిషన్‌ది తప్పు లేదు. గురువారం డ్రమ్ములు కుక్కి కుక్కి నింపింది నేను. నడుమకు ఆవిరి పోలేదు." జేబులోంచి టేపు ముక్కలు రెండూ తీసి బల్ల మీద పెట్టాడు. "నల్లది బయటిది. తెల్లది లోపలిది."

రంగనాథ్ కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. గురువారం నువ్వెందుకు నింపావు, ఆ మనిషి ఎక్కడికి పోయాడని ఆమె అడిగింది. లేవి అదీ చెప్పాడు. చెప్పకుండా ఉండగలిగితే బాగుండేది.

ఆమె మెచ్చుకోలేదు, మందలించలేదు. టేపు ముక్కలు రెండూ ఒక కవర్లో వేసుకొని, పుస్తకంలో ప్రతి పేజీకీ ఫొటో తీసుకుంది. వెళ్లేముందు రంగనాథ్‌తో చెప్పింది: ఇప్పుడున్న నియమం ప్రకారం గ్రేడు దిగక తప్పదు, కోత కూడా తప్పదు, గడి లేని ఫారాన్ని మార్చడం తన చేతిలో లేదు. అయితే ఆపరేషన్లు ఆపే సంగతి మీద అప్పీలు వేసుకోవచ్చు, ఈ పుస్తకం రుజువుగా పెడితే తాను పైకి రాస్తుంది. తమకే చెడ్డపేరు తెచ్చే గడి కూడా ఉన్న పుస్తకం గనుక పైవాళ్లు నమ్మే వీలుందని కూడా అంది. అప్పీలు తేలేదాకా వార్డు మూయవద్దని రంగనాథ్‌కు చెప్పి కారెక్కింది.

మధ్యాహ్నానికి కాగితాలు వచ్చాయి. ఏడో వార్డు తెరిచే ఉంటుంది. లేవికి మెమో, ఆవిరి గదిలో అడుగు పెట్టకూడదని ఆజ్ఞ. ఉద్యోగం సంగతి సంఘం కూర్చున్నప్పుడు తేలుస్తారట. ఉరుకుందుకు వారం జీతం కోత, గురువారం సెలవు లేదు. మెట్ల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. ఉరుకుందు పక్కకు తప్పుకొని పోతాడనుకున్నాడు గానీ ఆగాడు.

"ఆయప్ప ఆదివారం గూడా ఆడే ఉంటాడులే," అన్నాడు మఠం స్వామిని తలచుకొని. ముఖం మాత్రం కందగడ్డలాగే ఉంది. "కానీ నీతో ఇంక టీ తాగను." అని దిగి పోయాడు.

ఒంటిగంటకు గేటు ముందు షేర్ ఆటో ఆగింది. అది పీర్ బాషా సొంత ఆటోనే. రోజూ కల్లూరు ట్రిప్పుల నడుమ మాబీకి క్యారియర్ తెచ్చి, ఆమె తినేదాకా నిలబడి, మాట్లాడకుండా గిన్నెలు తీసుకొని పోతాడు. లేవి వార్డు గుమ్మంలో అతన్ని ఆపి మంచం దగ్గరికి తీసుకుపోయాడు. ఇద్దరి ముందూ చెప్పాడు. గాయం చెడింది తిండి వల్ల కాదని, మూటలు మోసినందువల్ల కాదని, ఆ రోజు కడుపు మీద వేసిన గుడ్డలో పురుగు చావలేదని, ఆ గుడ్డ డ్రమ్ములో కుక్కింది తనేనని. ఆఫీసరమ్మ ముందు చెప్పినంత సులభంగా రాలేదు మాటలు. పీర్ బాషా కొడతాడేమో అనుకున్నాడు. కొడితే పడదామనే నిలబడ్డాడు.

పీర్ బాషా కొట్టలేదు. క్యారియర్ మంచం మీద పెట్టాడు. భార్య వైపు చూశాడు, చూడలేక క్యారియర్ మూత వైపు చూశాడు.

మాబీ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో ఏమో తెలియలేదు. కొంతసేపటికి కొంగు తీసి, తిట్టకుండా, గొంతు కూడా పెంచకుండా అడిగింది. "మా యత్తకు ఎవురు చెప్తారన్నా? నేను చెప్తే నమ్మదు. ఈయప్ప చెప్తే పెండ్లాన్ని ఎనకేసుకొస్తాండాడు అంటాది."

పీర్ బాషా జేబులోంచి ఫోన్ తీశాడు. నంబరు కలిపి, మోగుతున్న ఫోన్‌ను లేవి ముందుకు చాచాడు.

సంఘం ఎప్పుడు కూర్చుంటుందో, ఏం తేలుస్తుందో లేవికి తెలియదు. పక్క మంచాల వాళ్లు తలలెత్తి చూస్తున్నారు. స్పిరిటు వాసన కొట్టే చేత్తో ఫోన్ అందుకున్నాడు. అవతల ముసలామె గొంతు ఎవరని రెండుసార్లు గద్దించింది.

"అమ్మా, ధర్మాసుపత్రి నుంచి," అన్నాడు. "కట్లు కట్టే లేవిని మాట్లాడతాండా. మీ కోడలు వంకాయ తిన్లేదు."